తెల్లపురుగులు వచ్చిన ఎండాకాలం

మా ఇంట్లో పురుగు అన్న మాట వినబడితే చాలు, నాకు ఒళ్లు మండుతుంది. బియ్యం డబ్బాలో వేపాకు వేయకుండా ఒక్క రోజు ఉంచిన మనిషిని కాను. పప్పు ఎండబెట్టకుండా ఎత్తిపెట్టను. అలాంటి నా ఇంట్లో, హాల్లో, గుమ్మంలోకి వచ్చినవాళ్లందరికీ ఎదురుగా కనబడే చోట, చేపల తొట్టె అద్దానికి తెల్లపురుగులు పట్టాయి.

రెండువేల తొమ్మిది ఏప్రిల్. ఫిల్మ్‌నగర్ వీధుల్లో ఓట్ల మైకులు కట్టిన ఆటోలు చెవులు చిల్లులు పడేలా తిరుగుతున్నాయి. నేను పాఠాలు చెప్పే వెంగళరావు నగర్ బడి నుంచి వచ్చి చెప్పులు విప్పుతూ చూశాను. దారప్పోగుల్లా సన్నగా ఉన్నాయి. గోరంత పొడుగు కూడా లేవు. గులకరాళ్ల సందుల్లోంచి పైకి పాకి, అద్దం మీద మెలికలు తిరుగుతున్నాయి.

"ఏమండీ! ఇటు రండి ఒకసారి. ఇవేంటి?"

మావారు పెరట్లో చేతులు కడుక్కుంటున్నారు. నేను బడి నుంచి వచ్చే వేళకి ఆయన సబ్బు పెట్టి చేతులు కడుక్కోవడం ఈమధ్య అలవాటైంది. తువ్వాలుతో తుడుచుకుంటూ వచ్చి, "వచ్చావా సుందరీ," అని వంగి చూశారు.

"ఓ, ఇవా. నిన్న లేవే," అన్నారు.

ఆయన నిన్న లేవంటే లేనట్టే. మావారి పేరు పరబ్రహ్మం. సినిమాల్లో కో-డైరెక్టరు. అప్పటికి పని తగ్గి ఇంటిపట్టునే ఉంటున్నారు. ఫిల్మ్‌నగర్‌లో ఆయన ఇంటిపేరు ఎవరికీ తెలీదు, కంటిన్యూటీ పరబ్రహ్మం అంటేనే తెలుసు. ఒక సీను సగం ఇవాళ తీస్తారు, మిగతా సగం నెల తర్వాత తీస్తారు. హీరో చొక్కా చేతులు ఎన్ని మడతలు పెట్టాడు, గ్లాసులో పాలు ఎంతవరకు ఉన్నాయి, ఏ చేత్తో పట్టుకున్నాడు, అన్నీ అతికినట్టు ఉండాలి. మానిటర్లూ సెల్‌ఫోన్ ఫొటోలూ లేని రోజుల్లో అదంతా ఆయన బుర్రలోనే ఉండేది. కాగితం మీద రాసుకునేవారు కాదు. ఇంట్లో కూడా అంతే. నేను గాజులు మారిస్తే, "పొద్దున పచ్చవి, సాయంత్రం ఎర్రవి. మధ్యలో సీను ఏమైంది?" అని ఏడిపించేవారు.

ఆ చేపలు కూడా సెట్టులోవే. అప్పటికి ఆరేళ్ల క్రితం హీరోయిన్ ఇంటి హాలు సెట్టు వేసి, అందులో ఈ తొట్టె పెట్టారట. ఐదు గోల్డ్ ఫిష్. ఒక దానికి తోక దగ్గర ఎడమ వైపున నల్లమచ్చ. లంచ్ బ్రేకులో ఆర్ట్ డిపార్ట్‌మెంటు వాళ్లు తొట్టె కడగబోయి, ఆ మచ్చ చేపని బకెట్లో వదిలేసి, వేరేదాన్ని వేసేశారు. చేపని ఎవరు చూస్తారనుకున్నారు. మావారు షాటు ఆపేశారు. "ఇందాకటి చేపకి మచ్చ ఎడమ వైపు ఉంది. ఇది అది కాదు," అన్నారు. యూనిట్ అంతా గంటసేపు కూర్చుంది. బకెట్లోంచి మచ్చ చేప దొరికాకే కెమెరా తిరిగింది. సెట్టు విప్పేటప్పుడు తొట్టెని పారేస్తుంటే, ప్రొడక్షన్ వ్యానులో వేసుకుని ఇంటికి తెచ్చారు. చేపల్ని నా ఇత్తడి బిందెలో తెచ్చినందుకు వారం రోజులు నాచేత తిట్లు తిన్నారు. తిడుతూనే నేనూ వాటికి అలవాటుపడ్డాను. మాకు పిల్లల్లేరు. ఇల్లంతటికీ కదిలేవి మేమిద్దరం, అవి ఐదు.

మర్నాడు పురుగుల్ని నీళ్లతో సహా ఒక సీసాలో పట్టుకుని యూసుఫ్‌గూడలో లక్ష్మయ్య షాపుకి పోయాను. చేపల మేతా అవీ అన్నీ ఆయన దగ్గరే కొంటాం. లక్ష్మయ్య సీసా వెలుతురుకి ఎత్తి చూసి నవ్వాడు.

"గివేం జెయ్యయమ్మా. చాపలే గీటిని తింటయి. ఫికర్ చెయ్యకుండ్రి. గని మేత ఎక్కువైంది. తినంగ మిగిలింది రాళ్ల కింద కుళ్లుతది. గండ్లకెళ్లే పుడ్తయి."

"మేం ఎక్కువ వెయ్యమే. పొద్దున ఒక్క చిటికెడు."

"నెలల మూడు డబ్బాలు వోయినయి మీ ఇంటికి. ఇంట్ల చిన్నపిల్లలు గిట్ల ఉన్నరా?"

"లేరు."

"మరి ఎవలో ఏస్తున్నరమ్మా." లక్ష్మయ్య ఒక ప్లాస్టిక్ పైపు చుట్ట నా చేతిలో పెట్టాడు. "వారానికొకపారి పావు వంతు నీళ్లు తియ్యుండ్రి. గీ పైపుతోని రాళ్ల కింది మురికి గుంజుండ్రి. తొట్టె మొత్తం మాత్రం కడగొద్దు. నల్లా నీళ్లు సక్కగ పొయ్యొద్దు, ఒకరోజు బకెట్ల పెట్టి పొయ్యాలె. నల్లా నీళ్లల్ల మందుంటది, చాపలు సస్తయి."

నేను సరేనని తలూపాను గానీ నా బుర్ర అక్కడ లేదు. మూడు డబ్బాలు ఎవరు పోస్తున్నారు? నేను బడికి పోయాక ఇంట్లో ఉండేది ఆయన, పనిమనిషి ఎల్లమ్మ. ఆయన పద్ధతి నాకు తెలుసు, లెక్క తప్పే మనిషి కాదు. మిగిలింది ఎల్లమ్మే.

ఎల్లమ్మది కృష్ణానగర్. తొమ్మిదేళ్లుగా మా ఇంట్లో పని. షూటింగుల్లో జనం కావలసినప్పుడు జూనియర్ ఆర్టిస్టుగా కూడా పోయేది. పెళ్లి సీన్లలో వెనక వరసలో నిలబడి అక్షింతలు వేసేది. ఆ సాయంత్రం అంట్లు తోముతుంటే పోయి నిలబడ్డాను.

"ఎల్లమ్మా, చేపలకి ఎన్నిసార్లు మేత వేస్తున్నావు?"

"నేనా? నేను ముట్టనే ముట్టనమ్మా."

"మరి డబ్బాలకి డబ్బాలు ఎవరు పోస్తున్నారు, దయ్యాలా?"

ఎల్లమ్మ చెయ్యి ఆగింది. లోపలి గదివైపు చూసింది. మావారు అక్కడ కుర్చీలో పేపరు చదువుకుంటున్నారు. తల దించుకుని అంది, "నేనే ఏసిన తియ్యమ్మా."

"ఇందాక ముట్టనన్నావు! ఒక్క నోటితో రెండు మాటలా?"

"పాపమనిపిచ్చి ఏసిన."

నా కోపం ముక్కు మీదే ఉంటుందని అందరికీ తెలుసు. ఆ రోజు అది నెత్తికెక్కింది. పురుగుల గురించి మొదలుపెట్టి, ఎప్పుడో పగిలిన పింగాణీ కప్పుదాకా పోయాను. తిన్న ఇంట్లో అబద్ధాలాడేవాళ్లు నాకొద్దన్నాను. రేపట్నుంచి రావద్దన్నాను. ఎల్లమ్మ చేతులు కొంగుకి తుడుచుకుని, మిగిలిన గిన్నెలు కడిగి బోర్లించి మరీ పోయింది. మావారు పేపరులోంచి తల ఎత్తలేదు. ఆయన చేతిలోది నాలుగు రోజుల కిందటి పేపరని తర్వాత మడతపెడుతుంటే చూశాను. పాత పేపర్లు కట్ట కట్టి పెట్టని నాదే తప్పనుకున్నాను.

బడికి వేసవి సెలవులిచ్చారు. ఎల్లమ్మ లేదు. అయినా మేత డబ్బా తరుగుతూనే ఉంది, పురుగులు పెరుగుతూనే ఉన్నాయి.

సెలవుల్లో మూడో రోజు మధ్యాహ్నం. అన్నాలయ్యాక చాప మీద నడుం వాల్చాను. ఫ్యాను గాలి వేడిగా కొడుతోంది. నిద్ర పట్టలేదు, ఊరికే కళ్లు మూసుకున్నాను. మావారు లేచి తొట్టె దగ్గరికి వచ్చారు. వేలితో అద్దం మీద రెండుసార్లు తట్టారు. "పాపం, పొద్దుట్నించీ ఎవరూ ఏమీ పెట్టలేదు," అన్నారు. డబ్బా మూత తీసి, చిటికెడు తీసి, నీళ్లమీద చల్లారు. మూత పెట్టి, రెండుసార్లు నొక్కి చూసి, పోయి కూర్చున్నారు.

పొద్దున నా ముందే వేశారు కదా అనుకున్నాను. లేచి అడుగుదామనుకునేలోపు ఆయనే మళ్లీ లేచారు. తొట్టె దగ్గరికి వచ్చారు. వేలితో రెండుసార్లు తట్టారు.

"పాపం, పొద్దుట్నించీ ఎవరూ ఏమీ పెట్టలేదు."

చిటికెడు చల్లారు. మూత రెండుసార్లు నొక్కి, పోయి కూర్చున్నారు.

నేను కదల్లేదు. గడియారం మూడు కొట్టేలోపు నాలుగుసార్లు అయింది. నాలుగుసార్లూ అదే వేలు, అదే మాట, అదే గొంతు. ఒక్క తేడా లేదు. నేను లేచి పోయి, నిండుగా ఉన్న మంచినీళ్ల బిందెని మళ్లీ నింపాను.

ఆ సాయంత్రమే కృష్ణానగర్ పోయాను. మెట్లెక్కితే రెండో అంతస్తులో ఎల్లమ్మ గది. పక్క గదిలో ఎవరో కుర్రాళ్లు పాట పెట్టుకుని డాన్సు ప్రాక్టీసు చేస్తున్నారు, నేల అదురుతోంది. ఎల్లమ్మ నన్ను చూసి గబగబా చాప పరిచింది. నేను కూర్చోలేదు.

"నీకు తెలుసు కదే?"

"తెల్సమ్మా."

"మరి నా నోటికి ఎదురు చెప్పకుండా నీ మీద వేసుకున్నావేంటి?"

"సారు ఇజ్జత్ వోతదని చెప్పలే." కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "చాపల సంగతొక్కటే కాదమ్మా. సారు నన్ను దినాం అడుగుతుండె. ఎల్లమ్మా, మా ఆవిడ పేరు జర చెప్పు అని. త్రిపురసుందరమ్మ సారూ, మీరు సుందరీ అంటరు అని చెప్తుంటి. పెన్నుతోని ఎడమ చెయ్యిల రాసుకుంటుండె. మీరు గేటు తీసెటాళ్లకు సూసుకొని, సబ్బు వెట్టి కడుక్కుంటుండె."

రోజూ గుమ్మంలోకి అడుగు పెట్టగానే "వచ్చావా సుందరీ" అనేవారు. ముప్పై మూడేళ్ల కాపురంలో నేను బడి నుంచి వస్తే అంత వరసగా ఎప్పుడూ పలకరించలేదు. ఈ వయసులో నా మీద ప్రేమ పెరిగిందని మురిసిపోయాను. పిచ్చిదాన్ని, స్టాఫ్ రూములో కూడా చెప్పుకున్నాను.

"రేపు పన్లోకి రా," అన్నాను. క్షమించమని అడగకుండానే గుమ్మంవైపు తిరిగాను.

"పొద్దుగాలనే వస్త తియ్యమ్మా," అంది ఎల్లమ్మ.

డాక్టరు ఎర్రగడ్డలో ఉన్నాడు. పెద్దాసుపత్రి కాదు, మార్కెట్ వెనక సందులో క్లినిక్కు. ఎర్రగడ్డ అంటే మన జనం పిచ్చాసుపత్రి ఒక్కటే అనుకుంటారు కాబట్టి, ఆటో అతనితో మార్కెట్ దగ్గర దించమన్నాను. కూరల కోసం వచ్చినట్టు సంచీ కూడా పట్టుకున్నాను. డాక్టరు, ఇది ఏ సంవత్సరమని మావారిని అడిగాడు. ఆయన నవ్వి, "మీరే చెప్పండి," అన్నారు. ఏ నెల అంటే అదే నవ్వు. ఇంట్లో ఎవరెవరుంటారంటే నావైపు చూశారు. నేను చెప్పబోతే డాక్టరు ఆపమన్నాడు.

కాసేపటికి ఆయనే ముందుకి వంగి, "డాక్టరు గారూ, మేం వచ్చినప్పుడు మీ పెన్ను ఎడమ జేబులో ఉంది. ఇప్పుడు టేబులు మీద ఉంది. చూసుకోండి, మళ్లీ ఇబ్బంది అవుతుంది," అన్నారు.

డాక్టరు నవ్వాడు. తర్వాత నవ్వలేదు. "ఇది తగ్గే జబ్బు కాదమ్మా. మెల్లగా పెరుగుతుంది. ఆయన చేసుకునే పనులు ఆయన్ని చేసుకోనివ్వండి. అడ్డం పడకండి," అన్నాడు.

ఇంటికి వచ్చేసరికి నల్లా వచ్చే వేళ. ఎల్లమ్మ బకెట్లు పెడుతోంది. నాకు ఎదురుగా ఆ తొట్టె, అద్దం నిండా ఆ పురుగులు. నాకు ఎవరి మీద కోపమో నాకే తెలీదు. డాక్టరు మీద, దేవుడి మీద, రోజూ "వచ్చావా సుందరీ" అన్న మనిషి మీద. ఆ మనిషి బుర్రలో ఏం పట్టిందో నేను కడగలేను. ఇదైనా కడగగలను. కొంగు దోపుకుని, చేపల్ని ఐదింటినీ నల్లా నీళ్ల బకెట్లో వేశాను. రాళ్లు, మొక్కలు, అద్దాలు అన్నీ బాత్రూములో వేసి బ్లీచింగ్ పెట్టి రుద్దాను.

"వద్దమ్మా, షాపాయన వద్దన్నడంటిరి గద," అంది ఎల్లమ్మ.

"నువ్వు ఊరుకో."

గంటన్నర రుద్దాను. చేతులు మండిపోయాయి. నల్లా నీళ్లే నింపి, చేపల్ని వదిలాను. ఒక్క పురుగు లేదు. నీళ్లు మెరిసిపోతున్నాయి. ఆ సాయంత్రానికి చేపలు నీళ్ల పైకి వచ్చి నోళ్లు తెరుస్తున్నాయి. ఆకలేమో అనుకున్నాను. తెల్లారి చూస్తే ఐదూ వెల్లకిలా తేలుతున్నాయి.

నేను ఏడవలేదు. భయపడ్డాను. ఆయన లేచి తొట్టె దగ్గరికి వచ్చి, వేలితో తడితే? ఆయనకి ఇంకా మిగిలి ఉన్న పని అదొక్కటే. తొట్టె మీద దుప్పటి కప్పాను. ఎల్లమ్మ చేపల్ని కరివేపాకు మొక్క మొదట్లో పూడ్చింది. తర్వాత ఆయన్ని పెరట్లో కూర్చోబెట్టి, నేను లక్ష్మయ్య షాపుకి పోయి వచ్చేదాకా మూడుసార్లు కాఫీ ఇచ్చింది. మూడుసార్లూ ఆయన "ఇప్పుడే లేచాను, భలే టైముకి తెచ్చావు" అన్నారట.

సెట్టులో ఆర్ట్ డిపార్ట్‌మెంటు వాళ్లు చేసిన పనే నేనూ చేశాను. అలాంటివే ఐదు ఏరుకున్నాను. లక్ష్మయ్య నన్ను తిట్టాల్సినంత తిట్టి, నీళ్లలో కలపమని మందు చుక్కలిచ్చి, నిలవ నీళ్లు క్యాన్లలో పోసిచ్చాడు.

"మచ్చది గిదొక్కటే ఉందమ్మా. గని మచ్చ కుడిపక్కకుంది. గదెవలు సూస్తరు తియ్యుండ్రి."

"ఎవరూ చూడరులే," అన్నాను.

ఆయన కాలూ చెయ్యీ కడుక్కుని లోపలికి వచ్చేసరికి తొట్టె ఎప్పట్లాగే ఉంది. నేను పక్కన నిలబడ్డాను. వేలితో రెండుసార్లు తట్టారు. డబ్బా తీయలేదు. వంగారు. కళ్లజోడు సర్దుకున్నారు. మచ్చ చేప అద్దం పక్కగా ఒకసారి వెళ్లి, తిరిగి వచ్చింది. ఆయన ముఖంలో పాత మనిషి కనబడ్డాడు. సెట్టు మధ్యలో షాటు ఆపే మనిషి.

"ఇది అది కాదు," అన్నారు. "మచ్చ ఎడమ వైపు ఉండాలి."

ఆయన నావైపు తిరిగి, గొంతు తగ్గించి, ఎంతో మర్యాదగా అడిగారు.

"మార్చింది మీరేనాండీ?"

"అవునండీ. పొరపాటైపోయింది."

"పర్లేదు. కొత్తగా చేరినట్టున్నారు, అందరూ చేసేదే. నేను డైరెక్టరు గారికి చెప్పనులెండి." గుమ్మంవైపు చూశారు. "కానీ మా ఆవిడకి మాత్రం తెలియనివ్వకండి. బడి నుంచి వచ్చే వేళైంది. పైకి గయ్యాళిలా కనబడుతుంది గానీ, ఆ చేపంటే దానికి ప్రాణం. చచ్చిపోయిందని తెలిస్తే అన్నం తినదు."

"చెప్పనండీ," అన్నాను. అక్కడితో ఊరుకుంటే పోయేది. ఊరుకోలేకపోయాను. "మీ ఆవిడ పేరేంటండీ?"

ఆయన ఎడమ చెయ్యి తెరిచి చూసుకున్నారు. అరచేతిలో ఏమీ లేదు. మళ్లీ మళ్లీ చూసుకున్నారు. వేళ్లు విడదీసి చూసుకున్నారు. ఆ చెయ్యి నాకేసి చాపి, నేనేమైనా చదివి చెబుతానేమోనని నా ముఖంలోకి చూశారు.

నేను మేత డబ్బా మూత తీసి, ఆ అరచేతిలో చిటికెడు పోశాను.

"పాపం, పొద్దుట్నించీ ఎవరూ ఏమీ పెట్టలేదు," అన్నాను.

ఆయన ముఖం తేటపడింది. చల్లారు. పోయి కూర్చున్నారు. మళ్లీ వచ్చారు. మళ్లీ పోశాను.

తొలకరి వేళకి తెల్లపురుగులు మళ్లీ వచ్చాయి. ఈసారి నేను లక్ష్మయ్య చెప్పినట్టే చేశాను. ఆదివారం ఆదివారం ఎల్లమ్మా నేనూ పైపు పెట్టి రాళ్ల కింద మురికి గుంజి, పావు వంతు నీళ్లు మార్చేవాళ్లం. పురుగులు పూర్తిగా పోయేవి కావు. మేత పడుతూనే ఉంటే ఎలా పోతాయి? బంధువులెవరైనా వచ్చి, ఇంత శుభ్రం మనిషివి, ఈ పురుగులేంటి అని అడిగితే, ఉండనివ్వండి, అవి చేపల్నేమీ చెయ్యవు అనేదాన్ని. ఆయన ఉన్న నాలుగేళ్లూ అలాగే గడిచాయి.

ఇప్పుడు పొద్దున ఒక్క చిటికెడు నేనే వేస్తాను. మిగతా రోజంతా ఆ డబ్బా మూత ఎవరూ తీయరు. తొట్టెలో నీళ్లు అడుగు రాయి కనబడేంత తేటగా ఉంటున్నాయి. బడి నుంచి వచ్చి, చెప్పులు విప్పుతూ, వంగి అద్దమంతా వెతుకుతాను. ఒక్క పురుగు కూడా లేదు.